"నిజమైన ఆప్షనే కరెక్ట్ ఆన్సర్" అనుకునేటోళ్ళ కోసం: క్లాట్ లాజికల్ రీజనింగ్ అపోహలు - వాస్తవాలు

పోయిన వారం పరకాల దిక్కు నుంచి ఒక నాయిన ఫోన్ చేసిండు, ఆయన బిడ్డ క్లాట్‌కు (నేషనల్ లా యూనివర్సిటీలల్ల సీట్ల కోసం రాసే ఎంట్రెన్స్) ప్రిపేర్ అయితున్నది. "మేడం, మా బిడ్డ రోజూ పేపర్ చదువుతది, జీకేల మంచి మార్కులొస్తయి, లాజికల్‌కు వచ్చేసరికి 24కు 9 దాటుతలేవు, దానికి లాజిక్ బుర్ర లేదంటున్నరు, మాన్పించి డిగ్రీల జాయిన్ చేయాల్నా" అని. ఆ మాట ఎవరన్నరో గాని ఆ పిల్ల ముంగట అనకుంటే బాగుండు. 9 కరెక్టు, 15 తప్పులు అంటే తప్పుకు పావు చొప్పున 3.75 పోయి చేతికొచ్చేది 5.25, ఆ నంబర్ చూస్తే ఏ తల్లిదండ్రులకైనా గుండె జారుతది. నేను మార్కులు పక్కన పెట్టి ఆ క్వశ్చన్ పేపర్ తెమ్మన్న. ఆ పిల్ల, నేను కూసోని చూస్తే 15 తప్పులల్ల 11 ఒకటే రకం. హనుమకొండల నా దగ్గరికొచ్చే పిల్లల్ల సగానికంటే ఎక్కువమందిది ఇదే తప్పు, అందుకే రాస్తున్న.

అపోహ: ఆప్షన్‌ల ఉన్న మాట నిజమైతే అదే ఆన్సర్.

వాస్తవం: నిజమా కాదా అని మిమ్మల్ని ఎవరూ అడుగుతలేరు. ప్యాసేజ్‌ల రాసినదాన్ని పట్టుకొని ఏది నిలబడ్తది అని మాత్రమే అడుగుతున్నరు. ఈ రెండిటికి మస్తు తేడా ఉన్నది, ఆ తేడా దగ్గర్నే ర్యాంకులు పోతున్నయి.

క్లాసుల నేను చెప్పే ఒక చిన్న ఆర్గ్యుమెంట్ చూడండ్రి, ఇది నేను సొంతంగ తయారు చేసుకున్నదే. "ఈ ఫిబ్రవరిల ఎనుమాముల మార్కెట్‌కు పోయినేటి కంటే ఎక్కువ మిర్చి బస్తాలు వచ్చినయి, కాబట్టి జిల్లాల మిర్చి వేసిన ఎకరాలు పెరిగినయి." దీన్ని వీకెన్ చేసేది, అంటే బలహీనం చేసేది ఏది? ఒకటి, మిర్చికి పెట్టుబడి ఎక్కువైతది. రెండు, మిర్చి ఎగుమతి కూడా అయితది. మూడు, పోయినేడు కోల్డ్ స్టోరేజ్‌ల దాచిన సరుకు ఈ నెలల బయటికి తీసిన్రు. నాలుగు, జిల్లాల పత్తి కూడా వేస్తరు. బాగా న్యూస్ చదివే పిల్లగాడు ఒకటో ఆప్షన్ పెట్టిండు, ఎందుకు అంటే పెట్టుబడి గురించి, రైతుల అప్పుల గురించి ఐదు నిమిషాలు చెప్పిండు, చెప్పిందంతా నిజమే, కానీ బస్తాలకు ఎకరాలకు మధ్యన ఉన్న లింకును అది ముట్టనే లేదు. నర్సంపేట దిక్కు నుంచి వచ్చే ఒక అమ్మాయి, పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆప్షన్లు చదవకముందే "బస్తాలు పాతయి కూడా కావచ్చు గదా మేడం" అన్నది. మూడో ఆప్షన్ అదే, ఆన్సర్ కూడా అదే. వాళ్ళ ఇంట్ల మిర్చి పండిస్తరు. ఇంగ్లీష్ రాదు, నాకు లాజికల్ రాదు అని నెల రోజులు ఏడ్సిన పిల్ల ఆమె.

అసంప్షన్ క్వశ్చన్ కూడా ఇదే ఆర్గ్యుమెంట్ మీద అడగొచ్చు. "ఆ బస్తాలన్నీ దాదాపు ఈ ఏటి పంటవే" అనేది ఆర్గ్యుమెంట్ చెప్పకుండ నమ్ముకున్న మాట. దాన్ని తిరగేసి చూడండ్రి, ఈ ఏటి పంటవి కావు అనుకుంటే కంక్లూజన్ కూలిపోతది. కూలిందంటే అదే అసంప్షన్. ఎకరానికి దిగుబడి పోయినేటి కంటే బాగా పెరగలేదు అనేది కూడా అట్లాంటిదే. "మిర్చి లాభసాటి పంట" అనే ఆప్షన్‌ను తిరగేస్తే ఏం కాదు, ఆర్గ్యుమెంట్ అట్లనే ఉంటది, కాబట్టి అది నిజమైనా అబద్ధమైనా మనకు పనికిరాదు.

ఇన్ఫరెన్స్‌ల, అంటే ప్యాసేజ్ నుంచి ఖచ్చితంగ ఏం తేలుతది అని అడిగే ప్రశ్నలల్ల, ఇంకా మోసపోతరు. "ఒక టౌన్‌ల హెల్మెట్ కేసులు ఏడాదిల డబుల్ అయినయి" అని ప్యాసేజ్‌ల ఉంటే, "హెల్మెట్ ప్రాణాలు కాపాడుతది" అనే ఆప్షన్ చేతులు పట్టి గుంజుతది. "కొంతమంది మీద హెల్మెట్ కేసు బుక్ అయ్యింది" అనేది మరీ చప్పగ ఉంటది, ఇదేం ఆన్సర్ అని వదిలేస్తరు. ఆ చప్పగ ఉన్నదే ఆన్సర్. రూల్ పాటించని జనం పెరిగిన్రని కూడా చెప్పలేం, చెకింగ్ పెంచిన్రేమో.

నాకు ఇది పుస్తకాలల్ల అర్థం కాలేదు, కోర్టుల అర్థమైంది. కాకతీయ యూనివర్సిటీ (కేయూ) లా కాలేజీల చదివి రెండేండ్లు ప్రాక్టీస్ చేసిన. ఒకసారి భూమి గెట్టు పంచాయితీ కేసుల, ఊరంతా తెలిసిన ముచ్చట ఒకటి వాదనల చెప్పిన. జడ్జి గారు తల ఎత్తి "రికార్డుల ఎక్కడుందమ్మా" అన్నరు. ఫైల్ మొత్తం తిప్పిన, లేదు. బయటికొచ్చినంక మా సీనియర్ తిట్టలేదు, "నీకు తెల్సింది వేరే బిడ్డా, కాగితం మీద ఉన్నది వేరే" అన్నరు. ఇప్పటికీ ప్రతి కొత్త బ్యాచ్‌కు మొదటి రోజు ఇదే చెప్తున్న. లీగల్ రీజనింగ్‌ల కూడా ఇంతే, ప్రశ్నల ఒక ప్రిన్సిపుల్ (రూల్) ఇచ్చిన్రంటే అసలు చట్టం వేరే ఉన్నా సరే, ఆ ప్రిన్సిపుల్ మీదనే పోవాలె.

మిగిలినయి తొందరగ చెప్త.

"బ్యాంక్ పరీక్షల రీజనింగ్ బుక్ ఒకటి తిప్పేస్తే చాలు" అంటరు. ఈ మాట పాత సీనియర్ల నుంచి వస్తది. 2019 దాకా పేపర్ 200 ప్రశ్నలు, ప్యాసేజ్ లేకుండ విడి ప్రశ్నలు బాగుండేవి. 2020ల ప్యాసేజ్ పద్ధతి వచ్చింది, క్లాట్ 2024 నుంచి 120 ప్రశ్నలు 120 నిమిషాలు, అండ్ల లాజికల్ 22 నుంచి 26. పజిల్స్, బ్లడ్ రిలేషన్స్ (ఎవరికి ఎవరు ఏమైతరు అనే చుట్టరికం ప్రశ్నలు) పూర్తిగ వదిలిపెట్టొద్దు, కానీ ప్యాసేజ్ చదవకుండ అవే చేసుకుంట కూసుంటే కాదు.

లాసెట్ (మన రాష్ట్రంల లా కాలేజీలకు రాసే ఎంట్రెన్స్), క్లాట్ ఒకటే ప్రిపరేషన్ అనుకోకండ్రి. లాసెట్‌ల నెగెటివ్ లేదు, తెలుగుల రాయొచ్చు, 120 ప్రశ్నలకు 90 నిమిషాలు, అండ్ల 60 లా ఆప్టిట్యూడ్‌వే. క్లాట్ ఇంగ్లీష్‌ల మాత్రమే.

డౌట్ ఉంటే వదిలెయ్యాలె అనేది భయం మాట. రెండు ఆప్షన్లు గ్యారంటీగ తీసేయగలిగితే పెట్టుండ్రి, సగం సార్లు 1 వస్తది, సగం సార్లు పావు పోతది, లెక్క మీ వైపే ఉన్నది. ఏమీ తీసేయలేకపోతే వచ్చేది దాదాపు ఏమీ లేదు, ఆ నిమిషం వేరే ప్యాసేజ్‌కు వాడుకోండ్రి.

ఎంపీసీ వాళ్ళకే లాజిక్ వస్తది అనేది ఒట్టి పుకారు, దాని మీద ఇంకో లైన్ రాయ.

పరకాల పిల్ల ఇప్పుడు నోట్‌బుక్కుల రెండు గీతలు కొట్టుకున్నది. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకు, నేను పెట్టిన ఆన్సర్ ప్యాసేజ్‌ల ఏ లైన్‌ల ఉన్నది అని ఒక దిక్కు రాస్తది, లైన్ దొరక్కపోతే రెండో దిక్కు "నా తలకాయల నుంచి" అని రాస్తది. మీ పిల్లలతోటి కూడా ఇట్ల రాయించండ్రి. నా దగ్గరికి వచ్చేటప్పుడు మార్కుల ఫోటో ఒక్కటే పంపకండ్రి, దాన్ని చూసి నేనేం చెప్పలేను, పెన్సిల్ గీతలున్న ఆ క్వశ్చన్ పేపర్ తీస్కరాండ్రి.