బొంబాయి రవ్వ కూడా గోధుమే!

మామిడిపండ్లు మార్కెట్టుకు వచ్చాయంటే హనుమకొండలో ఆహార సలహాకు నా దగ్గరికి వచ్చేవాళ్ల నోట ఒకే మాట వింటాను. "గోధుమ పూర్తిగా మానేశాం మేడమ్. రొట్టె లేదు, బిస్కెట్టు లేదు. అయినా పాప బరువు పెరగడం లేదు." ఆ పిల్లలకు ఉన్నది సీలియాక్, అంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు. ఇంట్లో వండేవన్నీ ఒక్కొక్కటిగా అడుగుతూ పోతే మూడో ప్రశ్నకో నాలుగో ప్రశ్నకో సంగతి బయటపడుతుంది. పొద్దున ఉప్మా, ఆదివారం మామిడిపండు కేసరి.

అపోహ: బొంబాయి రవ్వ గోధుమ కాదు.

వాస్తవం: ముమ్మాటికీ గోధుమే. మనం పెట్టుకున్న పేర్లే మనల్ని ముంచాయి. ‘గోధుమ రవ్వ’ అని ఎర్రటి రవ్వనే పిలుస్తాం కాబట్టి, తెల్లటిది మరేదో గింజది అనుకుంటాం. పొట్టు, మొలక తీసేసిన గోధుమ లోపలి భాగమే ఆ తెల్ల రవ్వ. గ్లూటెన్ ఉండేది అక్కడే. మైదా, సేమియాల సంగతీ అంతే. పొట్టు తీస్తే గ్లూటెన్ పోతుందని వాట్సాప్‌లో పాఠాలు చెప్పే మేధావులకు దూరం నుంచే నమస్కారం. సీలియాక్ ఉన్న బిడ్డకు చపాతీ మాన్పించి ఉప్మా పెట్టడమంటే, వీధి తలుపుకు గడియ వేసి పెరటి తలుపు తెరిచి ఉంచడమే.

ఇది విని కళ్లనీళ్లు పెట్టుకునే తల్లులున్నారు. ఇన్నాళ్లూ నా చేత్తో నేనే పెట్టానా అని. తెలియక పెట్టారమ్మా, అంతే. గ్లూటెన్ నిజంగా ఆగిపోతే పిల్లల పేగు బాగానే కోలుకుంటుంది.

అపోహ: రవ్వ మారిస్తే చాలు.

ఇందులో నేనే బోర్లా పడ్డాను. మా తమ్ముడి కూతురికి ఏడేళ్లప్పుడు సీలియాక్ అని తేలింది. వేసవి సెలవుల్లో మా అమ్మ చేసే మామిడిపండు కేసరి కోసమే అది వరంగల్ వచ్చేది. ‘అత్త ఉందిగా, చేసి పెడుతుంది’ అన్నారందరూ. కొర్రలు కొని, చెరిగి, వీధి చివర గిర్నీలో రవ్వ పట్టించాను. మర్నాడు పిల్ల కడుపు పట్టుకుని కూర్చుంది. గిర్నీలో మా కంటే ముందు ఎవరో గోధుమలు ఆడించుకున్నారు. ఆ పిండి మా రవ్వలోకి వచ్చింది.

మన దేశంలో గ్లూటెన్ లేనిదని అమ్మే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఒక్క గ్రాము గోధుమపిండిలోనే సుమారు 80 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇక మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు ఇంట్లోనే, వేరే జారులో పట్టుకుంటున్నాం. గ్లాసు కొర్ర రవ్వను నేతిలో వేయించి, మూడు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడకనివ్వాలి. ఆ తరువాతే చక్కెర. తొందరపడి ముందే వేస్తే నీళ్లు చక్కెర లాక్కుంటుంది, రవ్వ పలుకుగా మిగిలిపోతుంది. చివర్లో బంగినపల్లి గుజ్జు కలిపి ఐదు నిమిషాలు ఉంచితే చాలు, ఎక్కువైతే పండు వాసన పోతుంది. చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి వడ్డించే ముందు రెండు గరిటెల వేడిపాలు కలపండి. సేమియా వేయించిన నేతిలో జీడిపప్పు వేయించకండి. "ఇది కేసరి కాదు" అని తీర్పు చెప్పి, మా అమ్మ రెండో గిన్నె పెట్టించుకుంది.

మిగతావి గబగబా. బార్లీలో గ్లూటెన్ ఉంది, కాబట్టి మాల్టు పొడులూ వద్దు. ఇంగువలో గోధుమపిండి కలపడం మామూలే, డబ్బా మీద చదవండి. గ్లూటెన్ లేని మిఠాయి షుగరు ఉన్నవాళ్లు తినవచ్చా అని అడగకండి, చక్కెర చక్కెరే. అనుమానం రాగానే గోధుమ మానేసి ఆ తరువాత రక్తపరీక్షకు వెళితే, జబ్బు ఉన్నా లేనట్టే చూపించవచ్చు. ముందు పరీక్ష, తరువాతే మానడం.

అపోహ: చిటికెడు ప్రసాదం ఏమీ చేయదు.

చేస్తుంది. సత్యనారాయణ వ్రతం ప్రసాదం రవ్వతోనే కదా. ‘వద్దంటే దోషం’ అని పెద్దవాళ్లు పట్టుబడతారు, పిల్ల బిక్కమొహం వేస్తుంది. ఇప్పుడు మా అమ్మ ఆ వాదన జోలికే పోదు. నైవేద్యం పెట్టిన అరటిపండు ఒకటి విడిగా తీసి ఉంచి, మనవరాలి చేతిలో పెడుతుంది.