పేటెంట్ దరఖాస్తు ఏ ఎగ్జామినర్ చేతికి వెళుతుంది? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో పేటెంట్ ఏజెంటుగా పనిచేస్తున్న నన్ను, దరఖాస్తు వేసిన నెల తిరగకముందే చాలామంది అడిగే మాట ఒకటే: "సార్, మన ఫైలు ఎవరి దగ్గరుంది?" ఆ ప్రశ్న వెనుక ఉన్న కొన్ని నమ్మకాలు దరఖాస్తుదారులకు నిజంగానే నష్టం తెచ్చిపెడుతున్నాయి కనుక, దరఖాస్తులనూ సమీక్ష అభ్యర్థనలనూ ఎవరికి, ఏ క్రమంలో అప్పగిస్తారో వివరంగా రాస్తున్నాను.

అపోహ: దరఖాస్తు వేస్తే చాలు, ఎగ్జామినర్ (దరఖాస్తును పరిశీలించే పేటెంట్ కార్యాలయ అధికారి) తమంతట తామే దాన్ని తీసుకుని చూస్తారు.

వాస్తవం: చూడరు. పేటెంట్ల చట్టం, 1970లోని 11బి సెక్షన్ ప్రకారం, పరీక్షించమని కోరుతూ ఫారం 18 విడిగా దాఖలు చేస్తే తప్ప ఏ దరఖాస్తూ ఎగ్జామినర్ దాకా పోదు. 2024 మార్చి 15 నుంచి దాఖలైన దరఖాస్తులకు ఫారం 18 వేసే గడువు 31 నెలలు. అంతకుముందు వాటికి 48 నెలలు ఉండేది. ఈ గడువును ప్రాధాన్యత తేదీ (అదే ఆవిష్కరణకు తొలి దరఖాస్తు వేసిన తేదీ), దాఖలు తేదీలలో ఏది ముందుంటే దాని నుంచి లెక్కిస్తారు. గడువులోగా అడగకపోతే దరఖాస్తును ఉపసంహరించుకున్నట్టే చట్టం భావిస్తుంది. కొన్నేళ్ల క్రితం ఈ జిల్లాకే చెందిన ఒక యువకుడు, వేరుశనగ కాయలు వలిచే యంత్రానికి తానే సొంతంగా దరఖాస్తు వేసి, రసీదును భద్రంగా దాచుకుని, పిలుపు వస్తుందని ఎదురుచూస్తూ 48 నెలలూ దాటబెట్టి, ఆ తరువాత నా దగ్గరకు వచ్చాడు. యంత్రం చక్కగా పనిచేస్తోంది, దరఖాస్తు మాత్రం అప్పటికే పోయింది. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఫారం 18 రుసుము 4,000 రూపాయలు. ఆ ఒక్క ఫారం గురించి అతనికి ముందుగా చెప్పినవారు లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇక్కడే మరో సంగతి. ఫారం 18 మొదటిరోజే వేసినా, దరఖాస్తు పేటెంట్ కార్యాలయపు అధికారిక పత్రికలో ప్రచురితం కానిదే ఎగ్జామినర్‌కు పంపరు. ప్రచురణ మామూలుగా 18 నెలలు నిండాక జరుగుతుంది. తొందర ఉన్నవారు ఫారం 9తో ముందస్తు ప్రచురణ కోరవచ్చు.

అపోహ: చెన్నైలో వేశాం కాబట్టి చెన్నై ఎగ్జామినరే చూస్తారు, ఒకసారి వెళ్లి కలిసివస్తే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: కర్నూలు, కడప, అనంతపురం వాసుల దరఖాస్తులకు తగిన కార్యాలయం చెన్నైయే. పన్నెండు అంకెల దరఖాస్తు సంఖ్యలో తొలి నాలుగు అంకెలు సంవత్సరాన్ని, అయిదో అంకె కార్యాలయాన్ని సూచిస్తాయి. చెన్నైకి ఆ అంకె 4. అయితే అది దాఖలుకు సంబంధించిన విషయం మాత్రమే. పరీక్ష కోసం ఫైళ్లను కంప్యూటర్ వ్యవస్థ ద్వారా, సాంకేతిక రంగాన్ని బట్టి, కోల్‌కతా, ఢిల్లీ, ముంబయి, చెన్నై కార్యాలయాల ఎగ్జామినర్ల మధ్య పంచుతారు. కడపలో బండలు కోసే యంత్రం కనిపెట్టినవారి ఫైలును కోల్‌కతాలో కూర్చున్న అధికారి చదవవచ్చు. విచారణ వీడియోలో జరగవచ్చు. ఇక వరుస విషయానికొస్తే, పరీక్ష అభ్యర్థనలు అందిన క్రమంలోనే దరఖాస్తులను ఎగ్జామినర్లకు అప్పగించాలని పేటెంట్ల నియమావళిలోని 24బి నియమం చెబుతోంది. అంటే మీ స్థానాన్ని నిర్ణయించేది దరఖాస్తు తేదీ కన్నా ఫారం 18 తేదీయే. ఎవరినో పట్టుకుందామని బస్సు ఛార్జీలు పెట్టుకుని చెన్నై వెళ్లేవారికి నేను ఈ ఒక్క మాటే పదే పదే చెబుతాను.

ఎగ్జామినర్‌ను ఎంచుకునే హక్కు దరఖాస్తుదారుకు లేదు. అయినా ఫైలు ఏ రంగంలోకి వెళుతుందన్నది కొంతవరకు మన రాతను బట్టే ఉంటుంది. వేరుశనగ వలిచే యంత్రం ఆవిష్కరణలను రంగాల వారీగా విడదీసే అంతర్జాతీయ పేటెంట్ వర్గీకరణలో ఎ23ఎన్ 5 కింద, బిందు సేద్యపు ఏర్పాట్లు ఎ01జి 25 కింద వస్తాయి. కొత్తదనం జల్లెడ అమరికలో ఉండగా, సారాంశమంతా మోటారు నియంత్రణ గురించి, సెన్సర్ల గురించి రాస్తే, వర్గీకరణ పక్కదారి పట్టి, ఆ యంత్రాంగంతో పరిచయం తక్కువైన రంగం వారి చేతికి ఫైలు చేరే ప్రమాదం ఉంది. అందుకే సారాంశాన్ని చివరి నిమిషంలో హడావిడిగా రాయవద్దని కోరుతున్నాను.

అపోహ: త్వరిత పరీక్ష కోరితే పేటెంట్ తేలికగా వస్తుంది.

వాస్తవం: త్వరిత పరీక్ష కోరే ఫారం 18ఎ వేరే వరుసలో నిలబెడుతుంది, అంతే; కొత్తదనానికి, ఆవిష్కరణ దశకు (ఆ రంగం తెలిసినవారికి సులువుగా తట్టనిదై ఉండాలన్న షరతుకు) పెట్టే పరీక్ష ఒకటే. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు, వ్యక్తులైన దరఖాస్తుదారులలో కనీసం ఒక మహిళ ఉన్నవారు దీనికి అర్హులలో కొందరు.

అపోహ: ఎగ్జామినర్ తిరస్కరించారు, సమీక్ష కోరితే ఫైలు కొత్త ఎగ్జామినర్‌కు పోతుంది.

వాస్తవం: ఇందులో రెండు పొరపాట్లున్నాయి. ఎగ్జామినర్ తన పై అధికారి అయిన కంట్రోలర్‌కు నివేదిక మాత్రమే ఇస్తారు. 144వ సెక్షన్ ప్రకారం ఆ నివేదిక ప్రజలకు చూపేది కాదు. మనకు అందే అభ్యంతరాల పత్రం కంట్రోలర్ పేరున వస్తుంది, దానికి 6 నెలల్లో జవాబివ్వాలి, కోరితే మరో 3 నెలలు దొరుకుతుంది. మంజూరైనా తిరస్కరణ అయినా నిర్ణయం కంట్రోలర్‌దే. ఇక 77వ సెక్షన్ కింద ఫారం 24తో కోరే సమీక్ష, నిర్ణయం అందిన నెలలోపు కంట్రోలర్ ముందే వేయాలి. రికార్డు చూడగానే కనిపించే తప్పును సరిదిద్దడానికో, ఎంత శ్రద్ధ పెట్టినా అప్పట్లో దొరకని ఆధారాన్ని చూపడానికో అది ఉద్దేశించినది. అదే వాదనను మరో అధికారి ముందు మళ్లీ వినిపించడానికి కాదు. పెండింగ్ విషయాన్ని ఒక అధికారి నుంచి మరొకరికి బదిలీ చేసే అధికారం 73(4) సెక్షన్ కింద పేటెంట్ కార్యాలయాల అధిపతి అయిన కంట్రోలర్ జనరల్‌కు ఉన్నా, అది ఆయన విచక్షణకు సంబంధించినది.

కొత్త కళ్లతో చూడడాన్ని చట్టమే తప్పనిసరి చేసిన చోటు ఒకటుంది. పేటెంట్ మంజూరు ప్రచురితమైన తరువాత ఏడాదిలోపు వ్యతిరేకత (ఆ పేటెంట్ చెల్లదన్న అభ్యంతరం) దాఖలైతే ఏర్పడే ముగ్గురు సభ్యుల వ్యతిరేకతా మండలిలో, ఆ దరఖాస్తును అంతకుముందు చూసిన ఎగ్జామినర్ ఉండకూడదు. తిరస్కరణపై అప్పీలు మాత్రం, మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డు 2021లో రద్దయినప్పటి నుంచి, హైకోర్టుకే పోతుంది. ఫైలును ఢిల్లీలో పరీక్షించినా, చెన్నైలో దాఖలైన దరఖాస్తుకు అది మద్రాసు హైకోర్టు; గడువు మూడు నెలలు.