రేవు నుంచి ల్యాబ్ పక్కకు: కాన్సులేట్ల అడ్రస్ ఎందుకు మారుతోంది?

శాన్‌ఫ్రాన్సిస్కోలో స్విట్జర్లాండ్ కాన్సులేట్ ఉన్న చోటు పేరు పియర్ 17. పియర్ అంటే ఓడలు వచ్చి ఆగే రేవు కట్ట. నీళ్ల మీదికి చొచ్చుకెళ్లిన ఆ పొడవాటి కట్టడంలోనే కాన్సులేట్ ఉంది, స్విస్‌నెక్స్ కూడా ఉంది. సైన్స్, స్టార్టప్, చదువు వ్యవహారాలు చూసే స్విస్ ప్రభుత్వ విభాగం పేరు స్విస్‌నెక్స్. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే పియర్ 15లో ఎక్స్‌ప్లొరటోరియం అనే సైన్స్ మ్యూజియం.

ఫలానా దేశం తన దౌత్య కార్యాలయాన్ని ల్యాబ్‌లు, స్టార్టప్‌లు, యూనివర్సిటీలు ఒకచోట చేరిన ఇన్నొవేషన్ డిస్ట్రిక్ట్‌కు మారుస్తోందని వార్త వస్తే చాలామంది దాన్ని ఈ కాలపు ఫ్యాషన్ అనుకుంటారు. కానీ పనిని వెతుక్కుంటూ వెళ్లడం కాన్సుల్‌కు పుట్టుకతో వచ్చిన అలవాటు. దీన్ని అర్థం చేసుకోవాలంటే రాయబారికీ కాన్సుల్‌కీ ఉన్న తేడా ముందు తెలియాలి.

రాయబారి రాజుగారి కొలువు కోసం పుట్టినవాడు. 15వ శతాబ్దంలో ఇటలీ నగర రాజ్యాలు ఒకరి దగ్గర ఒకరు శాశ్వత ప్రతినిధులను ఉంచడం మొదలుపెట్టినప్పటి నుంచీ రాయబారి మకాం అధికారం ఉన్నచోటే. కాన్సుల్ కథ వేరు. మధ్యధరా సముద్రపు రేవుల్లో పరాయి దేశపు వర్తకులు తమ తగాదాలు తీర్చడానికి, తమ తరఫున మాట్లాడటానికి తమలోనే ఒకరిని పెద్దగా పెట్టుకునేవారు. కాన్సుల్ పదవి అలా మొదలైంది. కాబట్టి అతని కుర్చీ ఎప్పుడూ సరుకు దిగేచోటే ఉండేది.

లివర్‌పూల్ దీనికి మంచి ఉదాహరణ. అమెరికా 1790లోనే జేమ్స్ మౌరీని అక్కడికి కాన్సుల్‌గా నియమించింది. లండన్ రాజధాని అయితే కావచ్చు, కానీ అమెరికాతో వర్తకం జోరుగా సాగే రేవు లివర్‌పూల్. రచయిత నథానియల్ హాథార్న్ 1853 నుంచి 1857 వరకు అదే పదవిలో ఉన్నాడు. ఆయన ఆఫీసు మెట్లెక్కి వచ్చినవాళ్లలో పెద్దమనుషులు తక్కువ. ఓడలో దెబ్బలు తిన్న నావికులు, చేతిలో పైసా లేకుండా ఒడ్డున చిక్కుకుపోయినవాళ్లు ఎక్కువ. వాళ్ల గోడు వినడం, ఇంటికి పంపే ఏర్పాటు చేయడం ఆయన రోజువారీ పని. రేవు పక్కనే ఉన్నాడు కాబట్టి వాళ్లు ఆయన దగ్గరికి రాగలిగారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

కాన్సులేట్లకు సంబంధించిన వియన్నా ఒప్పందం 1963లో కుదిరింది. కాన్సులేట్ ఏ ఊళ్లో ఉండాలన్నా, అక్కడి నుంచి వేరే ఊరికి మారాలన్నా ఆతిథ్య దేశం ఒప్పుకోవాలని నాలుగో అధికరణం చెబుతుంది. ఐదో అధికరణం కాన్సులేట్ చేయాల్సిన పనుల జాబితా. వాణిజ్య, ఆర్థిక, సాంస్కృతిక సంబంధాలతో పాటు శాస్త్రీయ సంబంధాలను పెంచడం కూడా అందులో ఉంది. అంటే ఈ పని 60 ఏళ్ల కిందటే రాసిపెట్టి ఉంది. కాకపోతే అప్పట్లో సైన్స్‌కు ఫలానా వీధి అని చూపించగలిగే అడ్రస్ పెద్దగా లేదు.

ఆ అడ్రస్ ఎలా పుట్టిందో తెలియాలంటే అమెరికాలో బోస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జ్‌కు, ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కెండల్ స్క్వేర్‌కు వెళ్లాలి. ఒకప్పుడు సబ్బులు, మిఠాయిల ఫ్యాక్టరీలతో నిండిన ప్రాంతమది. 1960లలో నాసా అక్కడ ఎలక్ట్రానిక్స్ పరిశోధన కేంద్రం పెట్టింది, 1970లో మూసేసింది. కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నారు. 1976లో డీఎన్‌ఏను కత్తిరించి అతికించే ప్రయోగాలు ఊళ్లో జరగబోతున్నాయని తెలిసి జనానికి భయం పట్టుకుంది. మేయర్ ఆల్‌ఫ్రెడ్ వెలుచి గట్టిగా అడ్డు తగిలాడు. నగర కౌన్సిల్ ప్రయోగాలను కొంతకాలం ఆపించి, ఆ రంగంతో సంబంధం లేని పౌరులతో ఒక కమిటీ వేసింది. వాళ్లు నెలల తరబడి కూర్చుని శాస్త్రవేత్తల వాదనలు విన్నారు, ప్రశ్నలు వేశారు. ప్రయోగాలు చేసుకోవచ్చు, కానీ ఈ జాగ్రత్తలతో అని తేల్చారు. 1977లో అది నగర చట్టమైంది. ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో తెలిశాక కంపెనీలకు ధైర్యం వచ్చింది. 1978లో జెనీవాలో పుట్టిన బయోజెన్ అనే బయోటెక్ కంపెనీ 1982లో కేంబ్రిడ్జ్‌కు చేరింది. దాని వెనక మిగతావి వచ్చాయి. బయోటెక్ రాజధానిగా పేరుపడ్డ ఈ ప్రాంతానికి పునాది మామూలు మనుషుల అనుమానాలను ఓపిగ్గా విన్న ఆ కమిటీ గదిలో పడిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇన్నొవేషన్ డిస్ట్రిక్ట్ అనే ముద్ర తర్వాత వచ్చింది. 2000లో బార్సెలోనా తన పాత మిల్లుల పేటను 22@ పేరుతో ఇందుకోసం కేటాయించింది. 2010లో బోస్టన్ మేయర్ థామస్ మెనీనో ఓడరేవు ప్రాంతానికి ఇదే పేరు పెట్టాడు.

దౌత్యంలో మొదట అడుగేసింది స్విట్జర్లాండ్. 2000లో కేంబ్రిడ్జ్‌లో సైన్స్ కోసమే ఒక కాన్సులేట్ తెరిచింది. జెనీవా బ్యాంకరు ఒకరు దానికి ఆర్థికంగా అండగా నిలిచారు. స్విస్‌నెక్స్‌కు మూలం అదే. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో, సింగపూర్, షాంఘై, బెంగళూరు. డెన్మార్క్ 2017లో ప్రపంచంలోనే మొదటి టెక్ రాయబారిగా కాస్పర్ క్లింగెను నియమించి సిలికాన్ వ్యాలీకి పంపింది. కంపెనీల దగ్గరికి రాయబారిని పంపడమేమిటని అప్పట్లో పెద్ద చర్చే జరిగింది. 2022లో యూరోపియన్ యూనియన్ కూడా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఫీసు తెరిచింది. బ్రిటన్ బోస్టన్ కాన్సులేట్ ఇప్పుడు బోస్టన్‌లో లేదు, నది అవతల కెండల్ స్క్వేర్‌లో ఉంది.

అందరికీ ఇది కుదరదు. 1998 ఆగస్టు 7న నైరోబీ, దారెస్సలామ్‌లలోని అమెరికా ఎంబసీల మీద జరిగిన బాంబు దాడుల్లో 200 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది వచ్చిన అమెరికా చట్టం కొత్త దౌత్య భవనానికీ ప్రహరీకీ మధ్య కనీసం 100 అడుగుల ఖాళీ ఉండాలంది, ప్రత్యేక మినహాయింపు ఉంటే తప్ప. అంత స్థలం ఊరి నడిబొడ్డున ఎక్కడ దొరుకుతుంది? 2018లో లండన్ ఎంబసీ గ్రోవ్‌నర్ స్క్వేర్ వదిలి థేమ్స్ అవతల నైన్ ఎల్మ్స్‌కు వెళ్లడానికి ఈ భద్రతా లెక్కలూ ఒక కారణం. పది కంపెనీలున్న భవనంలో ఒక అంతస్తు అద్దెకు తీసుకోవడం కొన్ని దేశాలకు సులువు. అమెరికాకు అది చాలాకాలం దాదాపు కుదరని పని. 2022 చివర్లో ఆ 100 అడుగుల నిబంధనను కొంత సడలించారు.

ఈ మార్పు మంచిదనే నేను నమ్ముతాను. శాస్త్రవేత్తలు, కంపెనీలవాళ్లు తిరిగే వీధిలో ఉంటేనే వాళ్ల పని అర్థమవుతుంది. నా టెన్షన్ వేరే. ఐదో అధికరణం జాబితాలో సైన్స్ ఉన్నట్టే, పాస్‌పోర్టులు ఇవ్వడం, తమ దేశస్తులకు సాయపడటం కూడా ఉంది. ఇన్నొవేషన్ డిస్ట్రిక్ట్‌లలో అద్దెలు మండిపోతాయి. జాగా తగ్గితే మొదట కోత పడేది మీటింగ్ హాలుకా, వెయిటింగ్ హాలుకా? ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టుకుని పాస్‌పోర్టు రెన్యువల్‌కు వచ్చిన పెద్దావిడను ఊహించుకోండి. అద్దాల లాబీలో గార్డు ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపించమంటాడు. లిఫ్ట్ కార్డు లేనిదే కదలదు. పోగొట్టుకున్న పాస్‌పోర్టు కోసం వచ్చిన కుర్రాడికీ ఇదే తిప్పలు. లివర్‌పూల్‌లో మెట్లెక్కి వచ్చిన నావికుల వారసులు వీళ్లే.

అందుకే కొత్త అడ్రస్ ప్రకటించేటప్పుడు పక్కన ఏ ల్యాబ్ ఉందో, ఏ యూనివర్సిటీ ఉందో చెప్పడంతో ఆపకూడదు. కౌంటర్లు ఎన్ని, కూర్చునే చోటు ఎంత, అపాయింట్‌మెంట్ లేకుండా వస్తే లోపలికి రానిస్తారా, బస్సు ఎక్కడ ఆగుతుంది, ఇవి కూడా అదే కాగితం మీద రాయాలి.