ఫొటో చూపించడం, మాట చెప్పడం: అపోహలు - వాస్తవాలు

ఔత్సాహిక ఫొటోగ్రాఫర్లు ఒకరి ఫొటోలు ఒకరు చూసుకుని మంచిచెడ్డలు చెప్పుకునే బృందాల్లో నేను చాలాకాలంగా ఉంటున్నాను. కెమెరా ఎలా వాడాలో చెప్పేవారు బోలెడుమంది. తీసిన ఫొటోను నలుగురి ముందు ఎలా పెట్టాలి, ఎదుటివారి ఫొటో చూసి ఏం చెప్పాలి అన్నది మాత్రం ఎవరూ విడిగా నేర్పరు. అందుకే ఈ విషయంలో అపోహలు పాతుకుపోయాయి. వాటి మూలంగా మంచి చూపున్నవారు నోరు విప్పరు. నేర్చుకోవాలని వచ్చినవారేమో రెండు పొగడ్తలు మూటగట్టుకుని వెనుదిరుగుతారు. ఇలా జరిగినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

అపోహ: అభిప్రాయం చెప్పాలంటే ముందు మనం వాళ్లకంటే బాగా ఫొటోలు తీయగలగాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఫొటో తీసినవారు ఎన్నటికీ చేయలేని పని ఒకటుంది: ఆ ఫొటోను మొదటిసారి చూడటం. ఆ పని చేయగలిగేది చూసేవారే. అందుకు అనుభవం అక్కర్లేదు.

ఒక ఫొటో ఊహించుకోండి. గుమ్మంలో కూర్చున్న పెద్దాయన సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు. పక్క నుంచి మెత్తటి వెలుగు పడుతోంది. వేళ్ల ముడతలు, బిగబట్టిన పెదవులు, చిట్లించిన కళ్లు అన్నీ చక్కగా కుదిరాయి. ఫ్రేమ్ కుడివైపు కింది మూలలో ఎండ తగులుతున్న తెల్ల ప్లాస్టిక్ బకెట్ సగం తెగి కనిపిస్తోంది. తీసినవారి మనసంతా ఆ వేళ్ల మీదే ఉంది కాబట్టి తీసేటప్పుడూ బకెట్ కనబడలేదు, ఇంటికొచ్చి చూసినప్పుడూ కనబడలేదు. కెమెరా ముట్టుకోని మనిషి వచ్చి "నా చూపు ముందు ఆ బకెట్ మీద పడింది, తర్వాత చేతుల దగ్గరకు వెళ్లింది" అన్నారనుకోండి. తీసినవారికి కావలసింది ఆ ఒక్క వాక్యమే. మిగతాది వారే చూసుకోగలరు. ఆ మూల క్రాప్ చేయవచ్చు, అక్కడి వెలుగు తగ్గించవచ్చు, ఇంకోసారి అలాంటి దృశ్యం ఎదురైతే ఒక అడుగు పక్కకు జరిగి బకెట్ గుమ్మం చాటుకు పోయేలా చూసుకోవచ్చు.

చూపు అలా పోవడానికి కారణాలున్నాయి. ఫ్రేమ్‌లో అన్నిటికంటే వెలుగ్గా ఉన్నచోటు, వెలుగునీడల తేడా గట్టిగా ఉన్నచోటు, మనిషి ముఖం, చదవగలిగే అక్షరాలు, ముదురు ఎరుపు లాంటి రంగు... ఇవి మన కంటిని ముందుగా లాగుతాయి. ఇవి లాగే చోటూ తీసినవారు చూపించాలనుకున్న చోటూ ఒకటైతే ఫొటో నిలబడినట్టే. రెండూ వేరైతే ఆ సంగతి చెప్పండి. ఎదుటివారి ఫొటోల్లో మూలలు గమనించడం అలవాటైనవారు తమ వ్యూఫైండర్‌లోనూ బటన్ నొక్కే ముందే మూలలు చూసుకుంటారు. అభిప్రాయం చెప్పినందువల్ల చెప్పినవారికి దక్కే లాభం అది.

అపోహ: మంచి మాట చెబితే ప్రోత్సాహం, లోపం చెబితే మనసు నొప్పించడం.

దీనికి ఎదురుగా ఇంకో అపోహ ఉంది: మొహమాటం లేకుండా దులిపేయడమే నిజాయతీ అని. రెండింటిలోనూ ఒకటే లోటు. ఫొటోలో ఏముందో రెండూ చెప్పవు. "అద్భుతం" అన్నప్పుడు ఏది అద్భుతమో తెలియదు కాబట్టి, తీసినవారు దాన్ని మళ్లీ సాధించలేరు. "ఏమీ బాగాలేదు" అన్నప్పుడు దిద్దుకోవడానికి పట్టు దొరకదు. "పక్క నుంచి వచ్చిన వెలుగు వల్ల వేళ్ల ముడతలు తెలుస్తున్నాయి, ముఖం సగం నీడలో ఉండటంతో ఏకాగ్రత కనబడుతోంది" అనేది కూడా పొగడ్తే. కానీ అది వారితోపాటు తర్వాతి ఫొటోకు వెళ్తుంది.

అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో కళాకారుల కోసం ఒక విమర్శ పద్ధతి రూపొందించారు. అందులో నాలుగు మెట్లున్నాయి. మొదట చూసినవారు తమకు ఏది తాకిందో, ఏది గుర్తుండిపోయిందో చెబుతారు. తర్వాత కళాకారులు తమ సందేహాలు అడుగుతారు. ఆ తర్వాత చూసినవారు, అభిప్రాయం కలపకుండా, తటస్థంగా ప్రశ్నలు వేస్తారు. చివర్లో, కళాకారులు సరే అంటేనే, అభిప్రాయాలు చెబుతారు. నాట్యం కోసం పుట్టినా ఫొటోలకు ఇది అతికినట్టు సరిపోతుంది. ముఖ్యంగా మూడో మెట్టు. "ఆకాశానికి అంత చోటెందుకు వదిలారు, దండగ" అనేది తీర్పు. "ఆకాశానికి సగం ఫ్రేమ్ ఇవ్వడంలో మీ ఉద్దేశం ఏమిటి?" అనేది ప్రశ్న. దానికి జవాబు వెతుక్కునే క్రమంలోనే చాలామందికి తమ ఫొటో తమకు అర్థమవుతుంది.

అపోహ: మూడో వంతు నియమం పాటించకపోతే కూర్పు తప్పినట్టే.

ఫ్రేమ్‌ను అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టాలన్నది ఈ నియమం. దానికి ఆ పేరు పెట్టినవారు జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు, 1797లో. అప్పటికి ఫొటోగ్రఫీ ఇంకా పుట్టనే లేదు. ప్రకృతి చిత్రాల్లో నేలకూ ఆకాశానికీ, వెలుగుకూ నీడకూ ఎంతెంత చోటివ్వాలన్న సందర్భంలో ఆయన దాన్ని రాశారు. కొత్తవారు సబ్జెక్ట్‌ను ఆలోచన లేకుండా నట్టనడుమ పెట్టే అలవాటు మానుకోవడానికి అది బాగా పనికొస్తుంది. అభిప్రాయం చెప్పేటప్పుడు మాత్రం, ఫొటోను చూడకుండానే మాట్లాడేందుకు అది సాకుగా మారుతోంది. నీళ్లలో ప్రతిబింబం, ఎదురెదురు స్తంభాల వరుస, కెమెరా కళ్లలోకి నేరుగా చూస్తున్న ముఖం... ఇవి నడిమధ్యలోనే బలంగా ఉంటాయి. నియమం పేరెత్తకుండా, ఫొటోలో జరుగుతున్నది చెప్పండి: "ఆమె ఎడమవైపు చూస్తోంది, అటు చోటు లేదు, ఆ చూపు ఫ్రేమ్ అంచు దగ్గరే ఆగిపోతోంది."

అపోహ: షార్ప్‌గా లేదని చెబితే సాంకేతిక సలహా ఇచ్చినట్టే.

మసకబారడానికి కనీసం మూడు కారణాలుంటాయి. మూడింటికీ మందు వేరు. ఏ కారణమో చెప్పకుండా మసకగా ఉందని మాత్రమే చెబితే తీసినవారికి ఒరిగేదేమీ లేదు, ఆ సంగతి వారికీ కనబడుతూనే ఉంటుంది.

ఫొటోను నూరు శాతం పరిమాణంలో చూడండి. ఫ్రేమ్‌లో ఉన్నవన్నీ ఒకే దిశలో సాగినట్టుండి, చిన్న వెలుగు చుక్కలు కూడా గీతల్లా కనిపిస్తే కదిలింది కెమెరా. వెనకున్న గోడ, తలుపు స్పష్టంగా ఉండి, పరిగెడుతున్న పిల్లవాడి చేతులు మాత్రమే చెదిరితే కదిలింది పిల్లవాడు. ముఖం మెత్తబడి, చెవి దగ్గరి వెంట్రుకలో వెనక ఆకులో పదునుగా ఉంటే ఫోకస్ పడాల్సిన చోట పడలేదు.

మొదటిదానికి ట్రైపాడ్ గానీ, వేగమైన షట్టర్ (వెలుగును తక్కువసేపే లోపలికి రానివ్వడం) గానీ మందు. ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాను చేత్తో పట్టుకుని తీసేటప్పుడు 50 ఎంఎం లెన్స్‌కు సెకనులో 50వ వంతు, 200 ఎంఎంకు 200వ వంతు కంటే నెమ్మదిగా వెళ్లొద్దన్న పాత లెక్క ఇప్పటికీ మంచి ఆరంభమే. రెండోదానికి ట్రైపాడ్ అక్కరకు రాదు, లెన్స్‌లోని స్టెబిలైజేషనూ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) అక్కరకు రాదు. అవి ఆపేది కెమెరా కదలికను, పిల్లవాడిని కాదు. షట్టర్ వేగం పెంచాల్సిందే. వెలుగు చాలకపోతే ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచాలి, కాస్త నాయిస్, అంటే ఇసుక చల్లినట్టుండే మచ్చలు, వచ్చినా ఫరవాలేదు. మూడోదానికి ఫోకస్ పాయింట్‌ను దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టాలి. అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 1.8 అంత వెడల్పుగా పెట్టి తీస్తుంటే, ఎఫ్ 4 వరకు చిన్నది చేసి చూడమనాలి, అప్పుడు ముందూ వెనకా ఇంకాస్త లోతు స్పష్టంగా వస్తుంది. "షార్ప్‌గా లేదు" అనడానికి రెండు క్షణాలు చాలు. ఇలా కారణం వెతకడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ ఇవ్వలేనప్పుడు ఆ ఫొటో గురించి ఏమీ అనకపోయినా నష్టం లేదు.

అపోహ: నా తెర మీద కనిపించినట్టే అందరికీ కనిపిస్తుంది.

కనిపించదు. రాత్రిపూట చీకటి గదిలో, వెలుగు పూర్తిగా పెంచిన తెర మీద ఎడిట్ చేసిన ఫొటో మర్నాడు పగటి వెలుగులో ఇంకొకరి ఫోన్‌లో నల్లగా, బరువుగా ఉంటుంది. తెర మీద కనిపించేదాన్నే నమ్మకుండా హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) కూడా చూడండి. అది తెర వెలుగును బట్టి మారదు. రంగుల విషయంలో ఇంకో చిక్కుంది. అడోబీ ఆర్‌జీబీ అనే విస్తృత రంగుల శ్రేణిలో ఎగుమతి చేసిన ఫైలు, రంగుల ప్రొఫైల్‌ను పట్టించుకోని యాప్‌లో పాలిపోయి కనిపిస్తుంది. పంచుకునే ప్రతికి ఎస్‌ఆర్‌జీబీ (చాలా తెరలు, యాప్‌లు వాడే మామూలు రంగుల శ్రేణి) క్షేమం. మెసేజింగ్ యాప్‌లు మామూలు ఫొటోగా పంపినప్పుడు పరిమాణం తగ్గించి, బాగా కుదించేస్తాయి. అక్కడ చూసి "వివరాలు లేవు, ఆకాశంలో చారలున్నాయి" అనేముందు అసలు ఫైలును డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

అపోహ: ఎడిట్ చేసిన ఫొటో నిజమైన ఫొటో కాదు.

అమెరికన్ ప్రకృతి ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడు ఉదయిస్తున్న దృశ్యాన్ని ఒకే నెగెటివ్‌పై తీశారు. దాని నుంచి జీవితకాలంలో 1,300కు పైగా ప్రింట్లు చేశారు. తొలి ప్రింట్లలో ఆకాశం లేత బూడిద రంగులో, మబ్బు తెరలతో ఉంటుంది. తర్వాతి దశాబ్దాల ప్రింట్లలో దాదాపు నల్లగా మారిపోతుంది. వెలుగును ఒకచోట తగ్గించి, ఇంకొకచోట పెంచే పని డార్క్‌రూమ్‌లో ఎప్పుడూ ఉంది. వార్తా ఫొటోలు, వన్యప్రాణుల పోటీలు వేరు. అక్కడ ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని చేర్చడం నిషిద్ధం, అలా ఉండటం న్యాయం కూడా. మిగతా చోట్ల అడగాల్సింది ఎడిట్ చేశారా లేదా అని కాదు. ఆ మార్పు కంటికి అడ్డం పడుతోందా అని. చెట్ల అంచుల వెంట తెల్లటి గీత కనబడితే పదును ఎక్కువైంది. చర్మం మీద రంధ్రాలు మాయమై మైనంలా ఉంటే నునుపు ఎక్కువైంది. అవి చెప్పండి.

అపోహ: ఎక్కువ లైకులు వచ్చినదే మంచి ఫొటో.

బొటనవేలి కింద అర క్షణం కనిపించి జారిపోయే చిన్న చిత్రంలో గెలిచేవి ముదురు రంగులు, పెద్ద ముఖాలు, సూర్యాస్తమయాలు. నెమ్మదిగా విప్పుకునే ఫొటోకు అక్కడ చోటు తక్కువ. ఇప్పుడు ఎంతో పేరున్న అమెరికన్ వీధి ఫొటోగ్రాఫర్ వివియన్ మాయర్ లక్షకు పైగా నెగెటివ్‌లు తీసి దాదాపు ఎవరికీ చూపించలేదు. 2007లో వేలంలో అవి బయటపడే వరకు లోకానికి ఆమె తెలియదు.

అపోహ: ఉన్నవన్నీ చూపించి "ఎలా ఉన్నాయి?" అని అడిగితే సరిపోతుంది.

ఒకే పువ్వు, కాస్త కాస్త తేడాతో ఇరవై ఫొటోలు. చూసేవారు మూడోదాని దగ్గరే అలసిపోతారు. ఎంచుకోవడం ఫొటో తీయడంలో భాగం, దాన్ని ఎదుటివారి మీద వేయకూడదు. ఫొటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1950ల మధ్యలో అమెరికా అంతటా తిరిగి సుమారు 27,000 ఫ్రేమ్‌లు తీసి, తన పుస్తకంలో 83 మాత్రమే ఉంచారు. రెండింటి మధ్య నిజంగా తేల్చుకోలేకపోతే రెండూ పక్కపక్కన పెట్టి, మీ సందేహం ఏమిటో చెప్పి అడగండి.

"ఎలా ఉంది?" అన్న ప్రశ్నకు "బాగుంది" అన్న జవాబే వస్తుంది. "ముఖం మరీ చీకట్లో ఉందా? ఆ నీడ కావాలనే ఉంచాను, ఎక్కువైందేమోనని అనుమానం" అని అడిగి చూడండి, వచ్చే జవాబుల తీరే మారిపోతుంది. షట్టర్, అపర్చర్, ఐఎస్‌ఓ వివరాలు ఇవ్వడం మంచిదే. అయితే వెలుగు ఎటు నుంచి వచ్చింది, మీరు ఎక్కడ నిలబడ్డారు, అటు జరగడానికి వీలుందా అన్నవి ఫైలులో నమోదు కావు. అవి ఒక్క వాక్యంలో రాస్తే, అసాధ్యమైన సలహాలు రావు. మీరు ఏం చెప్పాలనుకున్నారో మాత్రం ముందే రాయకండి. చదివాక చూసేవారికి అదే కనిపిస్తుంది, ఫొటో తానుగా ఆ మాట చెప్పిందో లేదో ఇక మీకు తెలియదు.

అపోహ: అడిగాం కాబట్టి వచ్చిన సలహాలన్నీ పాటించాలి.

బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 1863లో, 48 ఏళ్ల వయసులో, కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇచ్చారు. ఆమె తీసిన ముఖచిత్రాల్లో ఫోకస్ మెత్తగా ఉంటుంది, (అప్పట్లో ఫిల్మ్ బదులు వాడిన) గాజు ప్లేట్ల మీద మరకలు, గీతలు కనిపిస్తాయి. ఆనాటి ఫొటోగ్రఫీ పత్రికలు ఆమెకు పనితనం తెలియదని తీసిపారేశాయి. ఆమె ఆ మెత్తదనాన్ని వదల్లేదు. ఇప్పుడు ఆమెను గుర్తుపెట్టుకున్నది ఆ ముఖాల కోసమే. సలహాలన్నీ తోసిపుచ్చడానికి దీన్ని ఆధారం చేసుకోకండి. ఆమె ఏం కోరుకుంటున్నారో ఆమెకు స్పష్టంగా తెలుసు, ఎన్నో ప్లేట్ల మీద దాన్నే సాధించారు.

నేను పాటించే పద్ధతి ఇది. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ముగ్గురు ఒకేచోట ఆగారంటే అక్కడ ఏదో ఉంది. దాన్ని నమ్ముతాను. పరిష్కారం దగ్గర మాత్రం ముగ్గురూ మూడు దారులు చెబుతారు. ఒకరు క్రాప్ చేయమంటారు, ఒకరు నలుపు-తెలుపు చేయమంటారు, ఇంకొకరు అసలు ఆ ఫొటో వదిలేయమంటారు. ఆ నిర్ణయం తీసినవారిదే. చెడు ఎక్కడుందో కనిపెట్టడంలో చూసేవారి మాట గట్టిది, మందు ఏమిటో చెప్పడంలో అంత గట్టిది కాదు.

ప్రతి వ్యాఖ్యకూ అక్కడికక్కడే సంజాయిషీ ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వకండి. రాసిపెట్టుకోండి. అసలు ఫైలును అలాగే ఉంచి, ప్రతి మీద సూచించిన మార్పు చేసి, మర్నాడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఎదుటివారి ఫొటోను మీరే దిద్ది చూపించాలనుకుంటే ముందు వారి అనుమతి అడగండి, ఆ ప్రతిని ఇంకెక్కడా పెట్టకండి. ఫొటో మీద హక్కు తీసినవారిది, నలుగురికీ చూపించినంత మాత్రాన అది పోదు.

అదే చోటుకు వెళ్లి మళ్లీ తీసే వీలుంటే తీయండి. కొత్త ఫొటోను పాతదాని పక్కన పెట్టి, సలహా ఇచ్చినవారికి చూపించండి. చాలామంది ఈ పని చేయరు. శ్రద్ధగా చూసి, ఆలోచించి చెప్పిన మనిషికి తన మాట పనిచేసిందో లేదో ఎప్పటికీ తెలియదు. పనిచేయకపోయినా సరే, చూపించండి. మరోసారి ఇంకొకరి ఫొటో ముందు కూర్చున్నప్పుడు ఆ మనిషికి అది పనికొస్తుంది.