కట్ట కింద ఎవరున్నారు?

పిల్లలూ,

అమెరికాలో జాతీయ జాబితాకెక్కిన ఆనకట్టల్లో సగానికి పైగా ప్రైవేటు వాళ్ల సొంతం. అందులోనూ మట్టికట్టలే ఎక్కువ. ఆ జాబితాలో ఒక కట్టకు 'హై హజార్డ్' (ఎక్కువ ముప్పు) అని చదవగానే కట్ట కూలబోతోందని మీరు కంగారు పడతారు. కట్ట ఎంత గట్టిదైనా సరే, తెగితే దిగువన ఒక్క ప్రాణమైనా పోయేలా ఉంటే దాన్ని 'హై' అంటారు. ప్రాణాలకు ముప్పు లేకుండా రోడ్లూ, కరెంటూ, ఆస్తులూ దెబ్బతినేట్లుంటే 'సిగ్నిఫికెంట్' (చెప్పుకోదగ్గ ముప్పు). నష్టం చాలావరకు యజమాని నేలతోనే ఆగిపోతే 'లో' (తక్కువ ముప్పు). కట్ట ఎలా ఉందన్నదానికి వేరే మార్కులున్నాయి, రెంటినీ కలపకండి.

అందుకే తట్టెడు మట్టి కదలకపోయినా తరగతి మారిపోతుంది. వాగు పక్కన కొత్తగా ఎవరో ఇల్లు కట్టుకుంటే చాలు, నిన్నటి 'లో' కట్ట ఇవాళ 'హై'. ఇక మరింత పెద్ద వరదను పంపేలా అలుగును వెడల్పు చేయాల్సి రావచ్చు, ఆ ఖర్చు కట్ట యజమానిది. ఆయన గొణుగుడులో న్యాయం లేకపోలేదు. కానీ హవాయి రాష్ట్రం, కవాయి దీవిలోని కా లోకో కట్టది కాగితం మీద 'లో' తరగతే. 2006 మార్చి 14న అది తెగి ఏడుగురు పోయారు.

ఆరడుగులు దాటిన కట్ట వెనక 50 ఎకరా-అడుగుల నీళ్లు పడితే జాతీయ జాబితాకెక్కుతుంది. ఎకరం నేలలో అడుగు లోతు నిలిస్తే ఎకరా-అడుగు. యాభై అంటే ఆరు కోట్ల లీటర్ల పైమాటే, 'చిన్న' చెరువులో!

కట్ట మీద కన్నా దిగువ అంచు వెంట నడవండి. ఊట లేని మట్టికట్ట అరుదు, తేటగా ఉన్నంతవరకు భయం లేదు. ఆ ఊట నీటితో బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో, ఆ రోజు నీటిమట్టం ఎంతో రాసుకోండి. చెరువు మట్టం పెరగకుండానే ధార పెరిగినా, నీళ్లు బురదగా వచ్చినా లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. అలా పడ్డ బుంగ దిగువ నుంచి ఎగువకు తవ్వుకుంటూ పోతుంది. చాలామంది దాని నోట్లో బంకమట్టి కూరుతారు. లోపల ఒత్తిడి పెరిగి నీళ్లు ఇంకోచోట పొడుచుకొస్తాయి. దానికి బదులు ముందు ఇసుక, దాని మీద కంకర పరవాలి. నీళ్లు పోతాయి, మట్టి ఆగుతుంది.

తూము గొట్టం చుట్టూ మరీ జాగ్రత్త. అక్కడ మట్టిని గట్టిగా దిమ్మిస చేయడం కష్టం, ఇనుప గొట్టమైతే తుప్పు కూడా పడుతుంది. కట్ట మీద చెట్లు పెరగనివ్వొద్దు. పెద్ద చెట్టు కొట్టేసి మోడు వదిలేసినా వేర్లు కుళ్లి నీటికి దారులవుతాయి. అలుగుకు అడ్డంగా చేపల కోసం వల కట్టొద్దు: చెత్త పట్టి, వరద కట్ట మీదుగా పొర్లుతుంది.

బురద ధార పెరుగుతుంటే ముందు అత్యవసర నంబరు 911కి, దిగువ ఇళ్లకు ఫోన్ చేయాలి. తూము తెరవడం ఆ తర్వాత. మామూలు రోజుల్లో మాత్రం మట్టం మెల్లగానే దించాలి, లేకపోతే తడిసిన ఎగువ వాలు జారిపోతుంది.

మీ తాతయ్య