42 రోజులు, 82 రోజులు

తెనాలి

చిరంజీవులు మనవడికీ, మనవరాలికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే నాకు సగమే వినిపించింది. మిగతా సగం మీ అమ్మ చెప్పింది. మళ్లీ పోటీకి దిగే అమెరికా అధ్యక్షుడు పాత ఉపాధ్యక్షుడిని పక్కన పెట్టి కొత్తవారిని వెంట తెచ్చుకోవచ్చా, కూడదా అని చెల్లి బడిలో చర్చ పెట్టారట. ఆడలేని బ్యాటర్‌ను జట్టులో ఎందుకు ఉంచుకుంటారు, మార్చాల్సిందే అన్నావట నాన్నా, నువ్వు. నాలుగేళ్లు వెంట నడిచినవాడిని వదిలేయడం ఏరు దాటాక తెప్ప తగలేయడమే అందట చెల్లి. నేను నేర్పిన సామెతను సరైన చోట వాడినందుకు దానికి ముందుగా ఒక ముద్దు. ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని కనుక ఇలాంటి మాట చెవిన పడితే నాకు నిద్ర పట్టదు. ఫోనులో మీరు నన్ను మాట్లాడనివ్వరు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మీ ఇద్దరి వాదనలోనూ రాని సంగతి ఒకటుంది. అమెరికా అధ్యక్షుడు తన మంత్రిని ఏ రోజైనా ఇంటికి పంపేయగలడు. ఉపాధ్యక్షుడిని పంపలేడు. ఆయన కూడా ఎన్నికైనవాడే. ఎంత పడకపోయినా నాలుగేళ్లు భరించాల్సిందే. మార్చుకునే వీలు మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రమే దొరుకుతుంది. మన దగ్గర పద్ధతి వేరు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి జంటగా పోటీ చేయరు. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగా కన్నుమూస్తే, ఉపరాష్ట్రపతిగా ఉన్న మన తెలుగువాడు, బరంపురంలో పుట్టిన వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. తాత్కాలికమే. ఆ తర్వాత ఎన్నికలో నిలబడి గెలిస్తేగాని ఆ పదవి ఆయనది కాలేదు. అమెరికాలో అలా మళ్లీ ఎన్నిక ఉండదు. అధ్యక్షుడు పోతే మిగిలిన కాలమంతా ఉపాధ్యక్షుడే అధ్యక్షుడు. ఎనిమిది మంది అధ్యక్షులు పదవిలో ఉండగా మరణించారు, ఒకరు రాజీనామా చేశారు. అంటే తొమ్మిది మంది అలా కుర్చీ ఎక్కారన్నమాట. అందుకే నాన్నా, నీ క్రికెట్ పోలిక కుదరదు. ఉపాధ్యక్షుడు అవతలి వైపు నిలబడి ఆడే బ్యాటర్ కాదు. కెప్టెన్ కుప్పకూలిన రోజున జట్టంతా అతని చేతిలోకి వస్తుంది.

ఇక నాకు ఇష్టమైన కథ, 1944ది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నాలుగోసారి పోటీకి సిద్ధమవుతున్నాడు. జంటను మార్చడం ఆయనకు కొత్త కాదు. మొదటి రెండుసార్లు వెంట ఉన్న టెక్సాస్ నాయకుడు జాన్ గార్నర్, రూజ్‌వెల్ట్ మూడోసారి నిలబడటం నచ్చక 1940లో తానే పోటీకి దిగాడు. దాంతో రూజ్‌వెల్ట్ తన వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్‌ను ఎంచుకున్నాడు. పార్టీ పెద్దలు మొరాయిస్తే, వాలెస్‌ను ఒప్పుకోకపోతే తానూ నిలబడనని పట్టుబట్టి మరీ గెలిపించుకున్నాడు.

ఈ వాలెస్ అయోవా మనిషి, మొక్కజొన్న మనిషి. 1926లో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాల కంపెనీ పెట్టాడు. మన డెల్టాలో వరి కోతలయ్యాక వేసే మొక్కజొన్న చేల పక్కనుంచి బస్సులో వెళ్లినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. కొంచెం వింత మనిషి కూడా. హిమాలయాల్లో కులూ లోయలో స్థిరపడిన రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్‌కు శిష్యుడి ధోరణిలో ఉత్తరాలు రాసేవాడు. ఆ ఉత్తరాలు ప్రత్యర్థుల చేతిలో పడి పార్టీని భయపెట్టాయి. (ఆ రోరిక్ గారి చిన్నకొడుకునే మన వాల్తేరులో పుట్టిన నటి దేవికారాణి పెళ్లి చేసుకుంది. దీనికీ ఎన్నికలకూ సంబంధం లేదు, రాయకుండా ఉండలేక రాశాను.) నల్లవారికి సమాన హక్కులు కావాలని వాలెస్ గట్టిగా మాట్లాడేవాడు. దక్షిణాది నాయకులకు అది కంటగింపు. నగరాల్లో పార్టీని నడిపే పెద్దలకు ఆయన తమ మాట వినే మనిషి కాడని మంట.

అయినా మామూలు రోజుల్లో అయితే ఇదంతా సర్దుకునేదేమో. ఆ ఏడాది మార్చిలో రూజ్‌వెల్ట్‌ను పరీక్షించిన గుండె వైద్యుడికి తీవ్రమైన రక్తపోటు, బలహీనపడిన గుండె కనిపించాయి. ప్రజలకు ఆ మాట చెప్పలేదు. పార్టీ పెద్దలకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది, ఆయన ముఖం చూస్తే చాలు. తాము ఎన్నుకోబోయేది ఒక అధ్యక్షుడిని కాదని, ఇద్దరినని వాళ్లకు అర్థమైంది. అంటే, ఈ ప్రశ్నకు అసలు కీలకం ఎక్కడుందో వాళ్లకు తెలుసు.

కానీ రూజ్‌వెల్ట్ ఏం చేశాడో చూడండి. వాలెస్‌ను పిలిచి, నువ్వు వద్దు అని చెప్పలేకపోయాడు. తాను ప్రతినిధినైతే వాలెస్‌కే ఓటు వేస్తానని, అయితే అభ్యర్థిని తేల్చే పార్టీ ప్రతినిధుల మహాసభను శాసించనని ఒక ఉత్తరం ఇచ్చాడు. మిస్సోరీ సెనేటర్ హ్యారీ ట్రూమన్ అయినా, సుప్రీంకోర్టు న్యాయమూర్తి డగ్లస్ అయినా తనకు సంతోషమేనని పార్టీ అధ్యక్షుడికి ఇంకో ఉత్తరం ఇచ్చాడు. జేమ్స్ బర్న్స్ అనే మరో పెద్దమనిషిని నువ్వే తగినవాడివని ఉత్సాహపరిచాడు. ఒకే పెళ్లికి అంతమందికి తాంబూలాలు ఇచ్చేసి, పీటల మీద ఎవరు కూర్చుంటారో మీరే తేల్చుకోండి అన్నట్టు! ట్రూమన్ అయితే పాపం బర్న్స్ పేరు ప్రతిపాదించడానికే షికాగో మహాసభకు వచ్చాడు. నువ్వే నిలబడాలంటే ససేమిరా అన్నాడు. హోటల్ గదిలో పార్టీ పెద్దలు ఆయనను కూర్చోబెట్టి రూజ్‌వెల్ట్‌కు ఫోను కలిపారు. యుద్ధం మధ్యలో పార్టీని చీల్చాలని ఉంటే ఆ పాపం అతనిదే అని అటునుంచి పెద్ద గొంతు. పక్కన కూర్చున్న ట్రూమన్‌కు ప్రతి మాటా వినిపించింది. తర్వాత ఇక కాదనలేకపోయాడు.

జూలై 20 రాత్రి సభ నిండా వాలెస్ అభిమానులే. ఆర్గాన్ మీద అయోవా పాట మోగుతోంది. ఆ ఊపులో ఓటింగ్ జరిగి ఉంటే వాలెస్ గెలిచేవాడనే చాలామంది నమ్మకం. ఫ్లోరిడా సెనేటర్ క్లాడ్ పెప్పర్ ఆయన పేరు ప్రతిపాదించడానికి జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి చేరుతుండగానే, సభాధ్యక్షుడు సభను మర్నాటికి వాయిదా వేసేశాడు. మర్నాడు మొదటి రౌండులో వాలెస్‌కు 429.5 ఓట్లు, ట్రూమన్‌కు 319.5 (వాళ్లకు అర ఓట్లు కూడా ఉంటాయి). మెజారిటీ ఎవరికీ రాలేదు. రెండో రౌండు ముగిసేసరికి ట్రూమన్‌కు 1,031.

మార్పు మంచిదే అయిందని చాలామంది చరిత్రకారులు అంటారు. నాకు పేచీ మార్పుతో కాదు, తర్వాత జరిగినదానితో. 1945 జనవరి 20న ప్రమాణం చేసిన ట్రూమన్‌ను రూజ్‌వెల్ట్ దగ్గరికి తీసుకోనే లేదు. మంత్రివర్గ సమావేశాలు తీసేస్తే వాళ్లిద్దరూ విడిగా కూర్చున్నది ఏ ఒకటి రెండుసార్లో. ఎక్కడెక్కడో కట్టిన పెద్ద పెద్ద కర్మాగారాల (అవి అణుబాంబు కోసం కట్టినవి) ఖర్చేమిటని ట్రూమన్ సెనేటర్‌గా ఉన్నప్పుడు ఆరా తీస్తే, యుద్ధమంత్రి స్టిమ్సన్ అడగవద్దన్నాడు. ఊరుకున్నాడు. ఉపాధ్యక్షుడయ్యాక కూడా ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ పోయాడు. మీకు నేనేమైనా చేయగలనా అని ట్రూమన్ ఎలినార్ రూజ్‌వెల్ట్‌ను అడిగితే, మేము మీకేం చేయగలమో చెప్పండి, ఇప్పుడు కష్టంలో పడింది మీరు అందట ఆ ఇల్లాలు. అణుబాంబు సంగతి ఆయనకు పూర్తిగా వివరించింది ఏప్రిల్ 25న. హిరోషిమా మీద బాంబు పడింది ఆగస్టు 6న. ఉపాధ్యక్షుడిగా ఉన్న ఆ 82 రోజుల్లో ఒక్క మధ్యాహ్నం కేటాయించి ఈ సంగతి చెప్పలేకపోయారా? అంత రభస చేసి తెచ్చుకున్న మనిషిని వాకిట్లో నిలబెట్టి ఉంచడం నేను ఎన్నిసార్లు చదివినా ఒప్పుకోలేని విషయం.

లింకన్ కథ దీనికంటే చేదు. 1860లో ఆయనతో గెలిచిన ఉపాధ్యక్షుడు మెయిన్ రాష్ట్రానికి చెందిన హానిబాల్ హామ్లిన్. బానిసత్వానికి వ్యతిరేకంగా లింకన్ కంటే ముందే గట్టిగా నిలబడినవాడు. 1864 నాటికి అంతర్యుద్ధం ఈడ్చుకుపోతోంది, లింకన్ ఓడిపోతాడేమోనని ఆయన రిపబ్లికన్ పార్టీలో బెంగ. యుద్ధాన్ని సమర్థించే డెమోక్రాట్ల ఓట్ల కోసం టెన్నెసీకి చెందిన డెమోక్రాట్ ఆండ్రూ జాన్సన్‌ను తెచ్చారు. లింకన్ స్వయంగా చక్రం తిప్పాడా, ప్రతినిధులకే వదిలేశాడా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా లెక్క ప్రకారం ఆ గెలుపులో జాన్సన్ వాటా కంటే, సెప్టెంబరులో దక్షిణాది వాళ్ల అట్లాంటా నగరం లింకన్ సైన్యానికి చేజిక్కడం వాటా పెద్దది. ప్రమాణ స్వీకారం రోజున జాన్సన్ ఒంట్లో బాగాలేదని విస్కీ తాగి వచ్చి, సెనేట్‌లో నోటికొచ్చినట్టు మాట్లాడాడు. అది 1865 మార్చి 4. ఏప్రిల్ 15న లింకన్ మరణించాడు. 42 రోజులు! అప్పుడే బానిసత్వం నుంచి బయటపడుతున్న నల్లవారికి అండగా కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) చేసిన చట్టాలను జాన్సన్ వరుసగా వీటో చేశాడు. 1868లో అభిశంసన దాకా వచ్చి ఒక్క ఓటుతో బయటపడ్డాడు. ఓట్ల కోసం పక్కన చేర్చుకున్న మనిషి చేతిలోకి, ఓట్లతో సంబంధం లేని పని వచ్చి పడింది.

చెల్లీ, నీ వైపు కథ కూడా ఉంది. జెరాల్డ్ ఫోర్డ్ ఎన్నిక లేకుండానే ఉపాధ్యక్షుడై, ఆపైన అధ్యక్షుడైనవాడు. ఉపాధ్యక్ష పదవి మధ్యలో ఖాళీ అయితే అధ్యక్షుడు సూచించినవారిని కాంగ్రెస్ ఆమోదిస్తే చాలు. నిక్సన్ రాజీనామా చేస్తే 1974 ఆగస్టులో కుర్చీ ఎక్కి, న్యూయార్క్ మాజీ గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్‌ను ఉపాధ్యక్షుడిగా తెచ్చుకున్నాడు. పార్టీలో సంప్రదాయవాదులకు రాక్‌ఫెల్లర్ పొడ గిట్టదు. అటునుంచి రోనాల్డ్ రీగన్ పోటీకి వస్తున్నాడు. 1975 నవంబరులో రాక్‌ఫెల్లర్ తనంతట తానే రాబోయే పోటీ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. తప్పుకోమన్నది ఎవరో అందరికీ తెలుసు. పోటీలో ఆయన స్థానంలో సెనేటర్ బాబ్ డోల్ వచ్చాడు. 1976లో ఫోర్డ్‌కు 240 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రంలో గెలిచినవారికి సాధారణంగా ఆ రాష్ట్రానివన్నీ పడే ఓట్లు), ప్రత్యర్థి కార్టర్‌కు 297. న్యూయార్క్‌కు ఉన్నవి 41. నువ్వే కూడుకో: ఆ ఒక్క రాష్ట్రం ఇటు వస్తే ఫోర్డ్ గెలిచేవాడు. రాక్‌ఫెల్లర్ ఉంటే వచ్చేదా అంటే ఎవరూ చెప్పలేరు, మరోచోట పోయేదేమో కూడా. కానీ అది పిరికిపని అని తర్వాత ఫోర్డే ఒప్పుకున్నాడు. రాక్‌ఫెల్లర్‌కు పనిచేతకాదని ఎవరూ అనలేదు. ఒక వర్గానికి భయపడి వదులుకున్నారు.

మార్చనివాళ్ల గురించి ఎక్కువ రాయను. ఐసన్‌హోవర్ 1956లో నిక్సన్‌ను మంత్రి పదవి తీసుకో అని మెల్లగా జరపబోయాడు, నిక్సన్ కదల్లేదు, ఇద్దరూ గెలిచారు. పెద్ద బుష్ 1992లో డాన్ క్వేల్‌ను అట్టేపెట్టుకుని ఓడిపోయాడు. దానికి కారణం క్వేల్ కాదు, ఆర్థిక పరిస్థితి. ట్రంప్ 2020లో పెన్స్‌నే ఉంచుకున్నాడు. 2021 జనవరి 6న ఓట్ల లెక్కింపును అడ్డుకొమ్మంటే పెన్స్ కాదన్నాడు. 2024లో ట్రంప్ వాన్స్‌ను తెచ్చుకున్నాడు. వాన్స్ భార్య ఉష పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు కావడంతో ఇక్కడ మన టీవీల్లో ఎంత హడావుడి జరిగిందో మీకు తెలుసు.

కాబట్టి నాన్నా, మార్చడంలో నాకు అభ్యంతరం లేదు. చెల్లీ, ఉపాధ్యక్ష పదవి ఎవరి పిత్రార్జితమూ కాదు, వెంట నడిచినందుకు ఇచ్చే జీతమూ కాదు. అధ్యక్షుడు విశ్వాసం చూపాల్సింది ఓటు వేసినవాళ్లకు. అయితే కొత్తగా తెచ్చే మనిషి రేపు ఉదయమే దేశాన్ని నడపగలడా అని చూడాలి. పాత మనిషికి ఆ మాట ఎదురుగా చెప్పాలి. తెచ్చినవాడిని గదిలోకి రానివ్వాలి. రూజ్‌వెల్ట్ మొదటిది చేశాడు, మిగతా రెండూ చేయలేదు. నీ చర్చలో ఈ మాట ఇలాగే చెప్పకు, అమ్మమ్మ రాసిచ్చిందని మీ టీచరు కనిపెట్టేస్తుంది.

హామ్లిన్ ఏమయ్యాడని చెల్లి అడుగుతుందని నాకు తెలుసు, ఓడినవాళ్ల సంగతి అడగనిదే ఊరుకోదు. 1864 వేసవిలో, పార్టీ తనను పక్కన పెట్టిన కొన్ని వారాలకు, ఇంకా దేశ ఉపాధ్యక్షుడిగా ఉండగానే ఆయన మెయిన్ రాష్ట్ర దళంలో మామూలు సిపాయిగా వెళ్లి ఒక సముద్రతీరపు కోటలో రెండు నెలలు పనిచేశాడు. కార్పొరల్‌ను చేశారు. అప్పగించిన పని వంట. ఆ తర్వాత మళ్లీ సెనేట్‌కు ఎన్నికయ్యాడు, స్పెయిన్‌కు రాయబారిగా వెళ్లాడు. జాన్సన్ 1875లోనే పోయాడు. హామ్లిన్ 1891 దాకా బతికి, జూలై 4న, బాంగోర్ పట్టణంలో తన క్లబ్బులో పేకాట ఆడుతూ ఒరిగిపోయాడు.

ఇట్లు,
మీ అమ్మమ్మ