మూడు కాంటాల తగువు

“సార్, మూడు సెన్సార్లు మూడు లెక్కలు చెబుతుంటే లాగ్‌లో ఏది రాయాలి?” హన్మకొండలో మా దగ్గర చదువుకున్న గోదావరిఖని పిల్లవాడు మొన్న ఫోన్లో అడిగాడు. వాడికి ఈత కూడా సరిగా రాదు, కానీ రీబ్రీదర్‌తో నీళ్లలోకి దిగే డైవర్ల లాగ్‌కు, అంటే దిగిన ప్రతిసారీ నమోదయ్యే రికార్డుకు, సాఫ్ట్‌వేర్ కోడ్ రాస్తున్నాడు! వాళ్ల నాన్న బొగ్గు గనుల రెస్క్యూ టీంలో చేసి రిటైరయ్యారు కాబట్టి రీబ్రీదర్ గురించి నేను చెప్పే పని తప్పింది. వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సోడాలైమ్ పట్టేస్తుంది, ఖర్చయిన మేరకు ఆక్సిజన్ కలుస్తుంది, అదే గాలి మళ్లీ పీలుస్తారు. ఫ్లూస్ అనే ఆయన తయారుచేసిన ఇలాంటి పరికరంతోనే లాంబర్ట్ అనే డైవర్ 1880లో బ్రిటన్‌లో నీళ్లు నిండిన సెవెర్న్ సొరంగంలోకి దిగాడు. అప్పట్లో సెన్సార్లు లేవు.

మన ఊళ్లలో పాడుబడ్డ బావిలోకి దిగినవాడు కేకైనా వేయకుండా కూలిపోతే దయ్యం లాగిందంటారు. మనకు ఊపిరాడనట్టు అనిపించేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగితేనే. ఆక్సిజన్ ఒక్కటే తగ్గితే ఒంటికి పెద్దగా తెలియదు. రీబ్రీదర్‌లో ఆ కార్బన్ డయాక్సైడ్‌ను మనమే తీసేస్తున్నాం. అందుకే ఆక్సిజన్‌ను కొలిచే సెన్సార్లు, అవీ మూడు.

ఒక్కో సెన్సార్ ఒక చిన్న బ్యాటరీ. పొర దాటి వచ్చిన ఆక్సిజన్, లోపలి సీసం కలిసి కరెంటు పుట్టిస్తాయి. మామూలు గాలిలో, అంటే ఆక్సిజన్ పీడనం 0.21 బార్ ఉన్న దగ్గర, 10 మిల్లీవోల్టులు ఇచ్చే సెన్సార్ 1.3 బార్ దగ్గర 62 ఇవ్వాలి. ముసలిదైతే ఒక హద్దు దాటి ఇవ్వలేదు.

ఎనుమాముల మార్కెట్‌లో ఒకే మిర్చి బస్తాను మూడు స్ప్రింగు కాంటాలకు తగిలించారనుకోండి. బస్తా 62 కిలోలు. రెండు పాత కాంటాల ముల్లు 52 దగ్గర బిగుసుకుపోయింది, కొత్తది 62 చూపింది. తూకం వేసే దడ్వాయి ఏమంటాడు? రెండింటి మాట ఒకటే, కొత్తది అబద్ధం అంటాడు. చాలా రీబ్రీదర్ల కంట్రోలరూ అంతే. దగ్గరగా ఉన్న రెండింటి సగటు తీసుకుని మూడోదాన్ని వెలేస్తుంది. సెన్సార్‌లో 52 మిల్లీవోల్టులంటే 1.09 బార్. పెట్టుకున్న లక్ష్యం 1.3 కదా అని ఇంకా ఆక్సిజన్ వదులుతుంది. అంటే బస్తాలో ఇంకా మిర్చి పోస్తున్నారన్నమాట! 62, 70, 80... పాత ముళ్లు మాత్రం 52 దగ్గరే. 1.6 బార్ దాటితే నీటి అడుగున ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉందని మూడోది మొత్తుకుంటున్నా వినేవాడు లేడు. ఒకేసారి కొన్న సెన్సార్లు ఒకేసారి ముసలివైతే మెజారిటీకి విలువేముంది?

ఇప్పుడు తక్‌పట్టీ (తూకం చీటీ) మీద, అంటే మన లాగ్‌లో, సగటు ఒక్కటే రాస్తే 1.09, 1.09, 1.09. ఎంత చక్కటి గీత! మా ల్యాబ్‌లో పిల్లలు ముందు సగటు అనుకుని తర్వాత రీడింగులు పుట్టించేవాళ్లు. ఆ రికార్డులూ ఇంత ముచ్చటగానే ఉండేవి.

అందుకే వాడికి చెప్పాను: మూడు మిల్లీవోల్టులు, వాటిని బార్లుగా మార్చే క్యాలిబ్రేషన్ గుణకం, ఏ సెన్సార్‌ను ఎప్పుడు వెలేశారో అన్నీ విడివిడిగా దాచు, బార్లు తర్వాత కట్టుకోవచ్చు. గుణకం తప్పని రేపు తేలినా దిద్దుకోవచ్చు. ఇంకోటి, ఖాళీని సున్న అని రాయకు. వైరు ఊడి ఒక సెన్సార్ రీడింగు రాలేదు, మిగతా రెండూ 1.3 అనుకుందాం. సున్నను కూడా కలిపి సగటు కడితే 0.87 వస్తుంది. 30 మీటర్ల లోతులో మొత్తం పీడనం 4 బార్లు. ఆక్సిజన్ పోను మిగతాది నైట్రోజన్ అనుకుంటే, 2.7 ఉండాల్సింది 3.13 అయిపోతుంది, దాన్ని బట్టి కట్టే, పైకి రావడానికి పట్టే సమయం లెక్క తారుమారవుతుంది.

నిన్న గ్రాఫు పంపాడు. మూడు రంగుల గీతలు, వైరు ఊడిన చోట తెల్లగా ఖాళీ. దాంతోపాటు వాళ్ల నాన్న ప్రశ్న: “అంతా అయినంక గ్రాఫుల చూసి ఏం లాభం సార్? నీళ్లలున్నోనికి ఎట్ల తెలవాలె?”

ఒడ్డున తెలియదు. అక్కడ శుద్ధ ఆక్సిజన్ పట్టినా 1 బారే, 48 మిల్లీవోల్టులే. 52 దగ్గర ఆగిపోయే సెన్సార్ కూడా ఆ పరీక్ష పాసైపోతుంది. 6 మీటర్ల లోతుకు దిగి లూప్‌ను, అంటే ఊపిరి తిరిగే దారిని, శుద్ధ ఆక్సిజన్‌తో నింపి చూడాలి. అక్కడ 1.6 బార్‌కు 76 రావాలి. పాత ముళ్లు అక్కడే దొరికిపోతాయి.